చిగుసా స్నానం వంతు

ఫ్రిజ్‌లోంచి తీసిన మందు సీసాకు చలి వదిలేదాకా ఆగాలి. ఆగకుండా పీలిస్తే దగ్గు తెరలు తెరలుగా వచ్చి మనిషిని వంగదీసేస్తుంది. అందుకని ఒరితా చిగుసా పొద్దున లేస్తూనే సీసా తీసి వంటింటి బల్ల మీద పెట్టేది, ఆ తర్వాతే బియ్యం కడిగేది. చిన్న సీసా, లోపల పాలలా తెల్లటి మందు. తోఫూ గిన్నెకీ మిసో డబ్బాకీ మధ్యన అదీ ఓ తినే వస్తువులాగే కూర్చునేది.

బల్ల దగ్గర అప్పటికే అత్తగారు ఇసోయె వచ్చి కూర్చునేది. తొంభై ఏళ్ళ మనిషి. చూపు బాగానే ఆనుతుంది, చెవులే ఎప్పుడో చేతులెత్తేశాయి. రోజూ ఆ సీసా చూసేది, రోజూ అదే మాట అనేది.

“ఒక్కదానివే పాలు తాగుతావేంటే? నాకూ ఓ చుక్క పొయ్యి.”

“పాలు కాదమ్మా, మందు.”

“ఆఁ?”

“మందమ్మా!”

“పెదాలాడుతున్నాయి గానీ మాటే రావట్లేదు. గట్టున పడ్డ చేపలా ఉన్నావు.”

ముసలావిడ చెవుల్ని మాత్రమే తప్పుపట్టడానికి లేదు. ఈ మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే చిగుసా గొంతు బొంగురుపోయి, తర్వాత బొంగురు కూడా పోయి, వట్టి గాలి మిగిలింది. రేవు బజారులో ఎండుచేపలు అమ్మిన గొంతు అది. ఈ చివర చిగుసా కేకేస్తే ఆ చివర బేరమాడేవాళ్ళు తల తిప్పేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డవాళ్ళే “ఏంటి, ఏంటి?” అని ముఖం దగ్గరికి తెచ్చుకోవాల్సి వస్తోంది.

అన్నం తిన్నాక కిటికీ పక్కన కూర్చుని నెబ్యులైజర్ గొట్టం నోట పెట్టుకునేది. తెల్లటి మందు తెల్లటి పొగయి లోపలికి పోయేది. పీల్చడం అయ్యాక గొట్టం ముక్కలు ముక్కలుగా విప్పి, సబ్బుతో కడిగి, మరిగించి, ఆరబెట్టాలి. తర్వాత మాత్రలు. తర్వాత బజారు. అరవై నాలుగేళ్ళ ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పొద్దున ఈ తతంగానికే సరిపోయేది, మిగతా రోజంతా అరువు మీద నడిచేది.

జబ్బు ఇప్పటిది కాదు. ఏళ్ళ కిందట ఊళ్ళోకి వచ్చిన ఎక్స్‌రే బండి వాళ్ళు కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందని చెప్పి, కోచి పట్నంలో పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడి డాక్టరు సెన్సే బొమ్మలు చూసి, కఫం పరీక్ష చేయించి, “క్షయ కాదు, భయపడకండి. క్షయ పురుగుకి దూరపు చుట్టం. ఒకరి నుంచి ఒకరికి అంటదు. నీళ్ళలో, మట్టిలో ఉంటుంది. మీ ఈడు ఆడవాళ్ళకే, అందులో మీలా సన్నగా ఉన్నవాళ్ళకే ఎందుకో ఎక్కువ వస్తుంది” అన్నాడు. ఆ ‘ఎందుకో’ దగ్గర ఆయనా ఆగలేదు, చిగుసా కూడా ఆగలేదు.

మూడు రకాల మాత్రలు మొదలయ్యాయి. మూత్రం నారింజరంగుకి మారింది. అన్నం ఇనప ముక్క నాకినట్టుండేది. అలా ఏళ్ళు గడిచాయి, పురుగు మాత్రం మాత్రలకు అలవాటు పడిపోయింది. ఒకనాడు దగ్గితే రుమాలంతా ఎర్రనైంది. అప్పుడు సెన్సే మొగుడినీ పెళ్ళాన్నీ ఇద్దర్నీ కూర్చోబెట్టి ఈ తెల్లమందు సంగతి చెప్పాడు.

“ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. పురుగు కనిపిస్తే మింగేయడం వాటి పని. ఈ పురుగు గడుసుది. మింగించుకుని, ఆ కాపలావాడి కడుపులోనే కాపురం పెట్టింది. బయట ఉన్నవేమో ఒంటికి జిగురు పూసుకుని కూర్చుంటాయి. మామూలు మందు వాటిదాకా పోలేకపోతోంది.”

“మరి ఇదెలా పోతుంది?” అని అడిగాడు చిగుసా భర్త కత్సుమి. మోకాళ్ళు అరిగిపోయేదాకా తూర చేపల పడవల్లో పనిచేసి ఒడ్డుకు చేరిన మనిషి.

“మందును కొవ్వు బుడగల్లో పెట్టి పంపిస్తాం. కంటికి ఆననంత చిన్న బుడగలు. మన ఒంటి కణాల పై పొర కూడా అలాంటి కొవ్వే కాబట్టి తేడా ఉండదు. కాపలా కణం ఆ బుడగనీ మింగేస్తుంది. లోపలికి పోయాక బుడగ విచ్చుకుని, మందు నేరుగా పురుగు మీద పడుతుంది. ఆ జిగురులోకి కూడా దూరిపోతుంది.”

“ఎర అన్నమాట.”

“అచ్చంగా ఎరే.”

“అలా చెప్పండి మరి” అన్నాడు కత్సుమి, లెక్క తేలిపోయినట్టు.

సెన్సే చిగుసా వైపు తిరిగాడు. “శరత్తు దాకా చూద్దాం ఒరితా సాన్. నెలనెలా కఫం పరీక్షకి ఇవ్వండి. అప్పటికీ అందులో పురుగు మొలుస్తూనే ఉంటే ఈ మందు ఆపేయాలి. చెవులకు చేటు చేసే మందు ఇది, ఉపయోగం లేకుండా పీల్పిస్తూ పోలేం.”

“ఆపేస్తే?”

“పాడైన ముక్క కోసి తీసేయడమే దారి. మీ ఒళ్ళు దాన్ని తట్టుకుంటుందని నేను మాటివ్వలేను.”

చిగుసా తల వంచుకుని విన్నది. లేచి వెళ్ళబోతుంటే సెన్సే ఇంకో మాట అన్నాడు. “ఈ పురుగు స్నానాల గదిలో బాగా చేరుతుంది. స్నానాల గది శుభ్రంగా ఉంచుకోండి.” ఆ మాటకు చిగుసా నడుం వంచి మరీ దండం పెట్టింది. మిగతావన్నీ తన చేతిలో లేనివి, ఇదొక్కటి తన చేతిలో పని. చేసి చూపించొచ్చని ధైర్యం వచ్చింది.

ఆ ఇంట్లో స్నానాల వరస చిగుసా కోడలిగా అడుగుపెట్టకముందు నుంచీ ఉన్నదే. సాయంత్రం తొట్టి ఒకసారి నిండుతుంది. ఎవరికి వాళ్ళు తొట్టి బయటే ఒళ్ళు రుద్దుకుని, కడుక్కుని, అదే నీళ్ళలో దిగుతారు. ముందు ఇంటికి పెద్ద, తర్వాత కొడుకు, అందరి తర్వాత కోడలు. దిగి లేచాక తొట్టి కడగాల్సిందీ కోడలే. కాపురానికి వచ్చిన మర్నాడే ఇసోయె కిమొనో చేతులు పైకి కట్టుకుని బ్రష్ చేతికిచ్చి, ఏ మూల ఎలా రుద్దాలో చూపించింది. ఆమెకు ఆమె అత్తగారు చూపించిందట. ఇందులో ఎవరూ ఎవర్నీ కొట్టిందీ తిట్టిందీ లేదు. అందుకే దాన్ని కష్టమని పిలవాలని ఎవరికీ తట్టలేదు.

చిగుసా వంతు వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చబడేవి. తేలే వెంట్రుకల్ని చిన్న వలతో తీసేసి, మీట నొక్కితే తొట్టి గోడలో ఉన్న కన్నం లోంచి వేడినీళ్ళు బుడబుడమని వచ్చేవి. ఆ కన్నానికి వీపు ఆనించి కూర్చుంటే రోజంతటి నొప్పులూ కాస్త సద్దుమణిగేవి. లేచాక మిగిలిన నీళ్ళని గొట్టంతో బట్టలుతికే మెషీన్‌లోకి తోడేసి, మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి రుద్దేది. గోడ కన్నం మూత తిప్పి ఊడదీస్తే లోపల జారుడు జారుడుగా గులాబీరంగు పాచి ఉంటుంది. సెన్సే చెప్పిన దగ్గర్నుంచి దాని మీద పగబట్టినట్టు తల లోపలికి పెట్టి మరీ తోమేది. షవర్ గట్టిగా తిప్పి కడిగితే గదంతా తుంపర లేచేది. పొద్దున మరిగించిన గొట్టం ముక్కల్ని ఆ గదిలోనే దండేనికి తగిలించేది. ఇంత శుభ్రంగా తోమిన గది ఇంట్లో ఇంకోటి ఏదుంది?

నెల తిరిగింది. కఫంలో పురుగు మొలిచింది. మళ్ళీ నెల తిరిగింది. మళ్ళీ మొలిచింది. సెన్సే తెర మీది అంకెలు చూస్తూ “ఊఁ” అనేవాడు. ఆ ‘ఊఁ’ మోసుకుని చిగుసా బస్సెక్కేది.

బజారులో పక్క దుకాణం ఫుసాయె నోటికి హద్దూ అదుపూ లేదు. అల్లం, ముల్లంగి పచ్చళ్ళు అమ్ముతుంది. చిగుసా దగ్గరికి ఎవరైనా రాగానే తనే అందుకునేది.

“రండి రండి, ఈవిడ చేపలు మాట్లాడతాయి, ఈవిడ మాట్లాడదు! రేవులో ఇంతకాలం అందరి చెవులూ హోరెత్తించిందిగా, ఇప్పుడు దేవుడు మూత బిగించాడు.”

చిగుసా ఎండుచేపతో ఆమె భుజం మీద ఒక్కటి వేసేది.

“కొట్టు కొట్టు. తిట్టడం ఎలాగూ రాదు” అని నవ్వేది ఫుసాయె. కొనేవాళ్ళు వెళ్ళాక గొంతు తగ్గించేది. “ఏమన్నాడే సెన్సే?”

చిగుసా తల అడ్డంగా ఊపేది.

“మానెయ్యవే ఆ పొగ. గొంతు పోయె, ఒళ్ళు పోయె, పురుగు మాత్రం కులాసాగా ఉంది. ఎవరికోసం ఈ చాకిరీ?”

ఆ మాట చిగుసా మనసులో నానుతూనే ఉండేది. మానేయాలని చాలాసార్లు అనిపించింది. చావు భయం కంటే అలసటే ఎక్కువైన రోజులవి. పొద్దున సీసా బల్ల మీద పెట్టడానికి చెయ్యి లేచేది కాదు. పెట్టేది మాత్రం. చెప్పిన పని చెయ్యకపోవడం ఆమెకు చేతకాదు. నిజానికి ఆమె మెడకు చుట్టుకున్నదీ ఆ గుణమే.

వేసవికి ముందొచ్చే వానలు మొదలయ్యాక ఒకసారి వెళితే సెన్సే మళ్ళీ “ఊఁ” అని, ఈసారి నిషిమోరి అనే నర్సు దగ్గరికి పంపాడు. మందు సరిగ్గా పీలుస్తున్నారో లేదో చూడమని. నలభై దాటిన మనిషి, మాట కరుకు. చిగుసా చేత గొట్టం పట్టించి చూసింది, ఊపిరి తీయించి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

“రోజూ మరిగిస్తున్నారా?”

చిగుసా తలూపింది.

“ఆరబెట్టేది ఎక్కడ?”

“స్నానాల గదిలో.”

“ఎక్కడా?” అంటూ నిషిమోరి చెవి దగ్గరికి తెచ్చింది.

“స్నానాల గదిలో. దండెం మీద. వంటిల్లంతా చేపల వాసనమ్మా. స్నానాల గదైతే రోజూ రుద్దుతాను. సెన్సే శుభ్రంగా ఉంచమన్నారు కదా, అప్పట్నించీ ఇంకా గట్టిగా రుద్దుతున్నాను. గోడ కన్నం మూత కూడా తీసి తోముతాను.”

“మీరే?”

“నేనే. చివర దిగేది నేనే కదా.”

“తోమేటప్పుడు ముఖం ఎంత దూరంలో ఉంటుంది?”

ఇదేం ప్రశ్న అనుకుంటూనే చిగుసా అరచెయ్యి ముక్కుకి ఎదురుగా పెట్టి చూపించింది. కాస్త గర్వంగానే చూపించింది. అంత దగ్గరగా చూస్తే గానీ పాచి కనబడదు మరి.

నిషిమోరి కుర్చీలో వెనక్కి వాలింది.

“ఒరితా సాన్, ఆ పురుగు కాపురముండేదే ఆ పాచిలో. ఆ జిగురే దాని ఇల్లు. మీరు తోమితే తుంపరై లేస్తుంది, అది మీరు పీలుస్తున్నారు. పొద్దున పీల్చిన మందు లోపలున్న వాటిని చంపుతోంది. సాయంత్రానికి మీరే కొత్తవాటిని లోపలికి తెచ్చుకుంటున్నారు.”

“సెన్సే శుభ్రంగా ఉంచమన్నారే!”

“ఉంచమన్నారు. మీరే కడగాలని అనుకోలేదు ఆయన.”

“మరి ఎవరు కడుగుతారు?”

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నిషిమోరి ఇంట్లోనూ అందరి తర్వాత దిగి తొట్టి కడిగేది ఆమే. అంత చదివిన సెన్సేకి ఇది అడగాల్సిన సంగతని తట్టలేదు, ఎందుకంటే ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తొట్టి కడిగి ఉండడు. చిగుసాకి ఇది చెప్పాల్సిన సంగతని తట్టలేదు, ఎందుకంటే కడగని రోజు ఆమెకు లేదు. మధ్యలో పురుగు మాత్రం చక్కగా బతికింది.

నిషిమోరి తేరుకుని గబగబా చెప్పింది. గొట్టం వంటింట్లో ఉతికిన గుడ్డ మీద ఆరాలి. తొట్టి ఇంకెవరైనా కడగాలి. చిగుసా అందరికన్నా ముందు, కొత్త నీళ్ళలో దిగాలి, షవర్ జోలికి పోకుండా, తొందరగా లేచి వచ్చేయాలి.

“ముందా?” అంది చిగుసా.

“ముందు.”

బస్సులో కూర్చున్నాక మొదట ఆమెకు కోపం రాలేదు. ఉసూరుమంది, అంతే. పోయిన నెలలన్నీ కళ్ళముందు తిరిగాయి. పీల్చినదంతా, మింగినదంతా, పోయిన గొంతు, అంతా ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో పారబోసినట్టయింది. కోపం ఊరి పొలిమేర దగ్గర, సముద్రం కనబడ్డాక వచ్చింది. అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముందు దిగాలి. చావడం కన్నా ఆ మాట ఇంట్లో చెప్పడమే కష్టంగా తోచింది.

సాయంత్రం తొట్టి నిండిందని నీళ్ళు కాచే యంత్రం పాట పాడగానే ఇసోయె తువాలు భుజాన వేసుకుని లేచింది. చిగుసా వెళ్ళి స్నానాల గది తలుపుకి అడ్డంగా నిలబడింది.

“అమ్మా, ఇవాళ్టినుంచి నేను ముందు దిగాలి.”

“ఆఁ?”

“నేను ముందు! ఆసుపత్రిలో చెప్పారు!”

“ఏం, లోపల పాము దూరిందా? తప్పుకోవే.”

గొంతు చించుకున్నా గాలే వచ్చింది. దగ్గు తన్నుకొచ్చింది. తలుపు పట్టుకుని దగ్గి, ఊపిరి తీసుకుని, టీవీలో బేస్‌బాల్ చూస్తున్న కత్సుమి దగ్గరికి వెళ్ళి టీవీ ఆపేసింది. అలా ఆపడం అతను ఎన్నడూ చూడలేదు.

“ఏవండీ, మీరు చెప్పండి అమ్మకి. నేను ముందు దిగాలి. తొట్టి నేను కడక్కూడదు. ఆ పాచిలోనే పురుగుందట.”

కత్సుమి రిమోట్ కోసం చాప మీద తడుముకున్నాడు. “తొంభై ఏళ్ళ మనిషి. నువ్వు వెనక్కి జరుగు అని ఎలా చెప్తానే? నువ్వే మెల్లిగా…”

“గొంతేదీ?”

“రేపు చెబుదాంలే. మంచి సమయం చూసి.”

చిగుసా అతని ముఖం దగ్గరికి వంగింది. “శరత్తులో నా ఊపిరితిత్తి కోస్తామన్నప్పుడు కూడా మంచి సమయం చూసి చెబుదామా? ఆ మాటయితే తేలిగ్గా చెప్పగలరా అమ్మకి?”

కత్సుమి లేచి నిలబడ్డాడు. పడవ ముక్కున నిలబడి వెనకవాళ్ళకి వినబడేట్టు అరిచిన మనిషి. ఆ అరుపు ఇంట్లో ఎప్పుడూ తీయలేదు, ఇప్పుడు తీశాడు.

“అమ్మా! ఇవాళ్టినుంచి స్నానం చిగుసాది ముందు! నువ్వు తర్వాత! దాని జబ్బుకి అలా చెయ్యాలట!”

వీధిలో కుక్క మొరిగింది. ఇసోయె తువాలు అలాగే భుజాన వేసుకుని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది.

“ఆ ముక్క ఎప్పుడో చెప్పి ఏడవచ్చుగా” అంది ఇసోయె.

అంటూనే తువాలు తీసి చాప మీద పడేసింది.

“కొత్త నీళ్ళు నాకు పడవు. ఒళ్ళంతా సూదులు పొడిచినట్టుంటుంది. ఒకరు దిగి లేచిన నీళ్ళు మెత్తగా, హాయిగా ఉంటాయి. మీ మామ పోయిన మర్నాడు ‘అమ్మా, ఇక మీరే ముందు’ అని నువ్వే తువాలు తెచ్చి చేతిలో పెట్టావు. పెద్దరికం ఇస్తుంటే వద్దంటే ఏం బాగుంటుందని పళ్ళు బిగబట్టుకుని దిగుతున్నా.”

చిగుసా గోడకి చేరగిలబడింది. “ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అంది. ఇసోయెకు వినబడలేదు. వినబడ్డా ఏం చెబుతుంది? తనకు పనికిరాని ముందు వంతు ఆమె మోసింది, తనకు పనికిరాని వెనక వంతు ఈమె మోసింది. ఒకరినొకరు మర్యాద చేసుకున్నారు.

“సరే” అంది ఇసోయె, చాప మీద మళ్ళీ కూర్చుంటూ. “మరి చివర తొట్టి కడిగేదెవరు? నాకు వంగడం రాదు.”

అత్తాకోడళ్ళిద్దరూ కత్సుమి వైపు చూశారు.

ఆ సాయంత్రం చిగుసా మొదటిసారి కొత్త నీళ్ళలో దిగింది. అడుగు దాకా కనిపించే నీళ్ళు, ఒక్క వెంట్రుక లేదు. ఏదో గొప్పగా ఉంటుందనుకుంది గానీ అత్తగారన్నట్టే ఒళ్ళు చురచుర మంది. కన్నానికి వీపు ఆనించకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు. రోజుకి ఒక్కటిగా ఉన్న ఆ కాస్త సుఖమూ పోయింది. తొందరగా లేచి ఒళ్ళు తుడుచుకుంటుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి మాత్రం గొంతు అక్కర్లేదు.

కత్సుమి తొట్టి కడగడం వారం తిరక్కముందే బజారుకెక్కింది. ఫుసాయెకు పండగే.

“మీ ఆయన కొట్లో బ్రష్‌లన్నీ తిరగేసి, మోకాళ్ళకి మెత్త కూడా కొనుక్కున్నాడటగా! తిమింగలం వేటకి పోతున్నాడా?”

చిగుసా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది, చప్పుడు లేకుండా.

ఇంట్లో మాత్రం నవ్వులాట కాదు. అతను లోపల కడుగుతుంటే ఆమె ఆ తలుపు దరిదాపులకు పోకూడదు. ఎక్కడ రుద్దుతున్నాడో, ఎక్కడ వదిలేస్తున్నాడో తెలియదు. బకెట్ తన్నుకున్న చప్పుడు, “అబ్బా, మోకాలు” అన్న మూలుగు వినబడేవి. చేతులు ఊరుకోలేక ఆమె వంటింట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. ఇసోయె రెండో వంతున హాయిగా దిగి, ఎర్రగా ఉడికి బయటికొచ్చి, “నీళ్ళంటే ఇవే నీళ్ళు” అని రోజూ అనేది. ఆ ఇంట్లో ఆ వేసవిలో బాగుపడ్డ మనిషి ఒక్క ఇసోయె అనే చెప్పాలి.

కఫం పరీక్ష ఫలితం ఓ పట్టాన రాదు. ఇవాళ ఇచ్చిన కఫంలో పురుగు మొలిచేదీ లేనిదీ వారాల తరబడి చూడాలి. ఎండలు ముదిరిన నెలలో సెన్సే మళ్ళీ “ఊఁ” అన్నాడు, అది పాత కఫం. తర్వాత నెల “కొద్దిగా” అన్నాడు. పూర్వీకుల పండగ వెళ్ళాక రెండుసార్లు ఏమీ అనలేదు, తెర వైపు ఎక్కువసేపు చూశాడు. చిగుసా ఆశపడటం మానుకుంది. ఆశపడటానికి కూడా ఓపిక కావాలి.

శరత్తు వచ్చింది. ఉత్తరం వైపు పోయిన తూర చేపలు కొవ్వెక్కి తిరిగొచ్చాయి, రేవంతా వాటిని గడ్డి మంట మీద కాల్చిన వాసనే. సెన్సే పెట్టిన గడువు కూడా వచ్చింది. ఆ పొద్దున కత్సుమి తనూ వస్తానన్నాడు. ఆసుపత్రిలో అతను లోపలికి రానని కింద హాల్లోనే కూర్చుండిపోయాడు.

“మొలవలేదు” అన్నాడు సెన్సే. “పోయినసారీ మొలవలేదు, అంతకుముందు సారీ మొలవలేదు. కఫం శుభ్రపడింది ఒరితా సాన్. కోయక్కర్లేదు.”

చిగుసా దండం పెట్టింది. పెట్టాక కూడా తల ఎత్తడం గుర్తురాలేదు కాసేపు.

“అయితే సెన్సే, ఆ మందు ఆపేయొచ్చా?”

సెన్సే చెవి దగ్గరికి తెచ్చుకుని విన్నాడు, నవ్వాడు. “ఆపడమేంటి? ఇప్పుడేగా అసలు మొదలు. కఫం శుభ్రపడ్డ నాటినుంచి ఇంకో ఏడాది పీల్చాలి. మధ్యలో వదిలితే మళ్ళీ తిరగబెడుతుంది. పనిచేస్తున్న ఎరని వదిలేస్తామా?”

ఇంకో ఏడాది. ఇంకో ఏడాది ఆ సీసా, ఆ పొగ, ఆ మరిగించడం, ఈ లేని గొంతు. ఓడిపోతే మందు ఆపేవాళ్ళు, గెలిచినందుకు ఏడాది వేశారు. సంతోషం లేదని కాదు. ఎక్కడో ఉంది. దాన్ని ఎత్తుకోవడానికి ఒంట్లో సత్తువ లేదు. మెట్లు దిగుతూ ఒకచోట కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. వెనకొచ్చే వాళ్ళు “బాగానే ఉన్నారా?” అనడిగితే బాగానే ఉన్నానని తలూపింది.

కత్సుమి లేచి ఎదురొచ్చాడు. అడగలేక ముఖం వైపు చూశాడు.

“పోయిందట” అంది చిగుసా.

“ఏంటి?”

“పురుగు. పోయిందట.”

అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆమె చేతిలో సంచీ తీసుకున్నాడు, ఎప్పుడూ తీసుకునేవాడు కాదు. బస్సు స్టాపు దాకా ఆ సంచీ రెండు చేతులా పట్టుకుని నడిచాడు. బల్ల మీద కూర్చున్నాక పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి అన్నాడు.

“అయితే ఇక తొట్టి నేను కడగక్కర్లేదన్నమాట.”

చెడ్డగా అన్నది కాదు. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు. చిగుసాకి మాత్రం ఒళ్ళు భగ్గుమంది. నెలల తర్వాత ఆమె గొంతులోంచి గాలి కాక శబ్దం వచ్చింది, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు. పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు.

“నా ఒంట్లోంచి పోయింది. గోడలోంచి పోలేదు. మీరు బతికున్నన్నాళ్ళూ కడగండి.”

బస్సు ఒకటి వచ్చింది, వాళ్ళది కాదు, వెళ్ళిపోయింది. అతను సంచీ పట్టీ వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు.

“ఆ కన్నం మూత ఉంది చూడు.”

“ఆఁ?”

“అది ఎటు తిప్పితే ఊడుతుంది?”

చిగుసా తల తిప్పి అతన్ని చూసింది.

“ఇన్నాళ్ళూ తియ్యలేదు” అన్నాడు కత్సుమి. “తిప్పి చూశాను, రాలేదు. నిన్నడిగితే లోపలికొచ్చి చూపిస్తావేమోనని అడగలేదు. చుట్టూ తోమి వదిలేశాను.”

తిట్టాలి. ఎంత తిట్టినా తప్పు లేదు. కానీ ఉన్న ఒక్క గొంతూ ఇందాకటి మాటతో అయిపోయింది. చిగుసా అతని చెయ్యి తీసుకుని పిడికిలి బిగించి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో పట్టుకుని, ముందు లోపలికి నొక్కి, తర్వాత ఎడమ వైపుకి తిప్పి చూపించింది. అతను అర్థం కాలేదన్నట్టు చూశాడు. ఆమె మళ్ళీ నొక్కి, మళ్ళీ తిప్పింది.